చిన్న కోతికి చప్పట్లు, నాచుకు చెంబెడు నీళ్లు

మా బొగ్గుగని క్వార్టర్ల కప్పు మీద మొదటి డిష్ యాంటెన్నా పుట్టగొడుగులా లేచిన ఆ రోజుల్లో, లోకమంతా మా ఇంటి దగ్గరికి వచ్చేసిందని అందరం తెగ సంబరపడ్డాం. అంతకుముందు మాకు లోకమంటే ఇటు చంద్రపూర్ బజారు, అటు మాజ్రి జంక్షన్, మధ్యలో బొగ్గు లారీలు లేపే దుమ్ము. అంతే. ఇప్పుడు షిఫ్టు దిగి, ఒంటికి పట్టిన నలుపు కడుక్కుని కూర్చుంటే చాలు, సముద్రాల అవతలి అడవులు, అందులోని జంతువులు, వాటి కష్టాలు అన్నీ రంగుల్లో కనిపించేవి. మంచిదే. కాని దూరంగా ఉన్నది దగ్గరికి వచ్చినప్పుడు, దగ్గరున్నది కాస్త పక్కకు జరగాల్సి వస్తుందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. నాకైతే అసలే తట్టలేదు. నాకు అప్పట్లో తట్టేవన్నీ జోకులే.

నా సంగతి ముందే చెప్పేస్తాను. చదువు ఏడో తరగతిలో ఆగింది. (ఆగింది అంటే నేనే దిగిపోయాను, అది ముందుకు వెళ్లింది.) మరాఠీ బడి మాది. తెలుగు అక్షరాలు మాత్రం చిన్నాయన బొగ్గుముక్కతో గోడ మీద రాసి నేర్పినవి. అందుకే ఇప్పటికీ నా చేతిరాత నల్లగా ఉంటుంది. చిన్నాయన, చిన్నమ్మ నన్ను పెంచారు. చిన్నాయన గనిలో పనిచేసి, పని చేసీ చేసీ, ఊపిరితిత్తులు పాడై పోయాడు. తర్వాత ఇంట్లో నేనూ, చిన్నమ్మా మిగిలాం. నేను ఒక మైక్‌సెట్ దుకాణంలో పనికి కుదిరాను. పెళ్లి, పేరంటం, వినాయకుడు, ఎన్నిక, ఏదైనా సరే, తీగలు గుంజి, గిన్నె మైకులు కట్టి, 'హల్లో, హల్లో' అని మొదలుపెట్టేవాణ్ణి. నోరు ఊరుకునేది కాదు. పెళ్లికొడుకు ఆలస్యమైతే వాడి మీద, భోజనాలు ఆలస్యమైతే వంటవాడి మీద ఒక మాట విసిరేవాణ్ణి, పందిరంతా ఘొల్లుమనేది. అందుకే క్వార్టర్లలో నా పేరు 'భోంగా'. మరాఠీలో ఆ గిన్నె మైకును అలాగే అంటారు. సొంత పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినిపించేది కాదు.

ఒక వానాకాలం పొద్దున నేను నాలా దగ్గరికి పోతున్నాను. మా క్వార్టర్ల వెనక పల్లంలో ఒక వాగు ఉండేది, దాన్నే నాలా అనేవాళ్లం. అందులోకి దిగడానికి రాతి మెట్లు, మెట్ల పక్కన గోండు రాజుల కాలంనాటిదని చెప్పుకునే పాత రాతి గోడ. గోడలోంచి నీరు ఊరుతూ ఉండేది, ఎండలు ముదిరితే మాత్రం సన్నబడి, పై రాళ్లు ఎండేవి. ఆ గోడకు ముఖం ఆనించి, కళ్లు మూసుకున్నట్టుగా, పాంటూ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు.

"ఏంది సారూ, గోడకు ముద్దు వెడ్తున్నరా? గదేమన్న అంటదా, ఊకుంటదా?" అన్నాను.

ఆయన తిరిగాడు. కంటికి అదిమిపెట్టుకున్న చిన్న భూతద్దం అప్పుడు కనిపించింది. కోపం రాలేదు సరికదా, ముఖం వెలిగిపోతూ ఉంది. "తమ్మీ, ఇటు రా. చూడు" అని భూతద్దం నా చేతికిచ్చాడు. రాజురా దిక్కు తెలుగు రైతు కుటుంబంలో పుట్టి, చంద్రపూర్ పట్నం కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే మాస్టారు ఆయన. నేను చూశాను. అంతకుముందు గోడ మీద పచ్చగా చేటంత మేర ఏదో అంటుకుని ఉన్నదని మాత్రమే నాకు తెలుసు. అద్దంలో చూస్తే అది అడవి. ఒక్కొక్క కాడ ఒక్కొక్క చెట్టు, చెట్టుకు ఆకులు, ఆకుల మధ్య నీటి బొట్లు, కొన్ని కొమ్మల చివర చిన్న చిన్న కుండలు. నాకు మాట రాలేదు. (ఇది చిన్న విషయం కాదు. నా మాట ఆగిందని విని దుకాణం సేటు తర్వాత మిఠాయి పంచుతానన్నాడు.)

సారు చెప్పాడు. ఆ రకం నాచు చల్లని పెద్ద అడవుల్లో ఉండాల్సిందట. ఒకప్పుడు ఇక్కడా అలాంటి అడవే ఉండేదట. అడవి పోయింది, గని వచ్చింది, ఎండ పెరిగింది, అయినా ఈ ఊట గోడ మీద ఆ కాస్తా ఎలాగో మిగిలిపోయింది. జిల్లాలో ఆయన తిరగని వాగు లేదు, ఎక్కని గుట్ట లేదు, ఇంకెక్కడా కనబడలేదట. "గిది పోతే పోయినట్టే తమ్మీ. మల్ల తెచ్చి అంటిచ్చుడు అయ్యే పని గాదు."

"కాని సారూ, ఇది పోనికి ఎంతో టైం వట్టదు" అన్నాను. "వినాయకుని నిమజ్జనానికి ముందుగాల మా గణేశ్ మండల్ పోరలు వచ్చి ఈ మెట్లూ, గోడా ఇనుప బ్రష్షులతోని గీకి సున్నం ఏస్తరు. ఎప్పటి సందో ఉన్న రివాజు."

సారు ముఖం మీద వెలుగు పోయింది. ఇన్నేళ్లుగా గీకుతున్నా రాతి సందుల్లోంచి మళ్లీ మొలిచిందన్నమాట అని తనలో తాను అనుకుని, గోడ పగుళ్లు వేలితో తడిమాడు. అప్పుడు నేను పోయినేటి ముచ్చట కూడా చెప్పాను: పోయినేడు ఒట్టి నీళ్ల సున్నం వేశారు, ఈసారి మా బావ బజారు నుంచి కొత్త రకం సిమెంటు రంగు డబ్బాలు తెచ్చాడు, సందులన్నీ పూడ్చి వేస్తాడట. సారు ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. "తమ్మీ, మీ మండల్ల నీ మాట నడుస్తదా?" అని అడిగాడు.

నా మాట నడవడం ఏమిటి, పరిగెత్తేది. కాని జనం దాని వెనక నవ్వుతూ పరిగెత్తేవారు. అది ఎటు పోతున్నదో ఎవరూ చూసేవారు కాదు. ఆ తేడా నాకు అప్పటికి తెలియదు. "చిటికెల పని సారూ" అన్నాను.

చిటికెల పని కాదని మొదటి దెబ్బ ఇంట్లోనే తగిలింది. అంతకు రెండేళ్ల ముందు మా చిన్నమ్మ బట్టల బుట్టతో ఆ మెట్ల మీదే జారి పడింది. మణికట్టు విరిగి, కట్టు కట్టినా వంకరగానే అతికింది. రొట్టె చరిచేటప్పుడు ఆ చెయ్యి ఒక పక్కకు లాగేది, రొట్టెలు కూడా ఒక పక్కకు లాగినట్టే వచ్చేవి.

"నాచును కాపాడుతవా?" అంది చిన్నమ్మ, వంకర చెయ్యి నా ముఖం ముందు పెట్టి. "ముందుగాల దీన్ని కాపాడకపోయినవ్!"

"నిన్ను జారగొట్టింది మెట్ల మీది జిగట పాకుడు చిన్నమ్మా. గోడ మీదిది వేరే జాతి. సారు చూపిచ్చిండు. పక్కింటోడు కొడ్తే ఎదురింటోన్ని పోలీసులకు వట్టిస్తమా?"

"మన పోలీసులైతే వట్టుకపోతరు" అంది చిన్నమ్మ. మా ఇంట్లో నాకు తగిన జవాబు ఇవ్వగలిగింది ఆమె ఒక్కతే.

రెండో దెబ్బ బావ. వరసకు బావ, చిన్నాయన చెల్లెలి కొడుకు. బి.కాం. పాసై, గనిలో దిగనని ఒట్టు పెట్టుకుని, ఆ డిష్ యాంటెన్నా పెట్టి క్వార్టర్లకు కేబుల్ తీగ ఇచ్చినవాడు. గణేశ్ మండల్‌కు సెక్రెటరీ కూడా. ఆ ఏడు అతనింట్లో టీవీలో ఒక చిన్న కోతి కనిపించింది. ఉడుత కన్న కాస్త పెద్దది, అంతే. ఒళ్లంతా బంగారు రంగు, ముఖం చుట్టూ సింహానికున్నట్టు జూలు, గోలీల్లాంటి కళ్లు. ఏదో దూరదేశంలో దాని అడవి నరికేశారట, కొన్నే మిగిలి ఉన్నాయట. అది టీవీలోంచి మా వైపు చూసింది. క్వార్టర్లకు క్వార్టర్లే కరిగిపోయాయి. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. బావ అక్కడికక్కడే ప్రకటించాడు, ఈసారి నిమజ్జనం బండి మీద దేఖావా ఈ కోతిదే అని. (దేఖావా అంటే వినాయకుడి బండి మీద కట్టే బొమ్మల కొలువు లాంటిది. ఏ మండల్ దేఖావా బాగుంటే ఆ మండల్‌కు పట్నంలో ఏడాదంతా పేరు.)

"బావా, నీ కోతి తీరుగనే మన గోడ మీద కూడ ఒకటున్నది, పోయేటట్టున్నది. కొంచెం దాని దిక్కు సుత చూడుండ్రి" అని నాచు సంగతి చెప్పాను. బావ కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఒరేయ్ భోంగా, గా పాచిని కాపాడుమంటవా? కోతికీ పాచికీ పోలికారా? నీ జోకులకు హద్దు లేకుండ వోయింది!"

"జోకు గాదు బావా."

"గిదింకా మంచి జోకు!"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. వినాయకుడి పది రోజుల్లో రోజూ సాయంత్రం హారతి అయ్యాక ముగ్గుల పోటీ, కుర్చీలాట వంటివి పెట్టేవాళ్లం. అందులో ఒక సాయంత్రం వాదవివాద పోటీ తప్పనిసరి. అది మరాఠీ బళ్ల నుంచి మా పందిట్లోకి వచ్చిన అలవాటు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వాదిస్తారు, ఎవరికి చప్పట్లు ఎక్కువ పడితే వాళ్లది గెలుపు. ఆ ఏడు పోటీ 'కాపాడాల్సింది చిన్న కోతినా, నాచునా' అని పెట్టాం. కోతి వైపు బావ, నాచు వైపు నేను. నేను గెలిస్తే ఆ ఏడు గోడకు గీకుడూ రంగూ లేదు. ఓడితే పొద్దున్నే నేనే డబ్బా మూత తీసివ్వాలి. సారుకు కబురు పంపాను. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో, పరీక్ష రాసే కొడుకును చూసే తండ్రిలా కూర్చున్నాడు. చిన్నమ్మ ఆడవాళ్ల వైపు స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

బావ మొదలుపెట్టాడు. కోతి ఎంత చిన్నదో, దాని అడవి ఎంత చిన్నదైపోయిందో చెప్పాడు. బాగానే చెప్పాడు, కాదనను. "ఇంకో ముచ్చట చెప్తా ఇనుండ్రి. ఈ జాతిల పిల్లలను వీపుమీద ఏసుకొని తిరిగేది ఎక్కువ తండ్రే! పాలకు మాత్రమే తల్లికి ఇస్తడు."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది. "అయితే సెక్రెటరీ సాబ్, గా కోతినే మా ఇంటికి తోలియ్యి. మా ఆయనను అడివికి తోలేస్త!"

పందిరి అదిరిపోయింది. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. బావ చొక్కా కాలరు సర్దుకుంటూ నాకు మైకు ఇచ్చాడు.

నేను నా పద్ధతిలోనే ఎత్తుకున్నాను. "మా నాచుకు కండ్లు లేవు. గందుకే అది మీ దిక్కు చూడదు. అది చూడదు గనుక మీరూ దాన్ని చూడరు. కండ్లుంటే కథే వేరే ఉండు. రెప్పలు కొడితే సెక్రెటరీ బావ దానికి ఫ్రీ కనెక్షన్ ఇచ్చేటోడు!" నవ్వారు. "కోతికి ఏడ్చిన్రు, మంచిగనే ఉన్నది. మరి పొద్దుగాల మీ రేకుల మీదికి వచ్చిన కొండముచ్చు మీదికి పటాకులు ఇసిరింది ఎవలు? అది కోతి గాదా? టీవీల లేకుంటే కోతి గాదా?" ఇంకా నవ్వారు. "నాచు మీ రొట్టెలు ఎత్తుకపోదు, పిల్లలను బెదిరియ్యదు, కరెంటు తీగలు గుంజదు. దానికి కావల్సింది రెండే: కొంచెం నీడ, కొంచెం తడి. మా దుకాణం సేటు నాకు గవి గూడ ఇయ్యడు!" నవ్వులు, ఈలలు. సారు కూడా నవ్వుతున్నాడు. గెలిచేశాననుకున్నాను.

అక్కడ ఆపి ఉంటే ఏమయ్యేదో తెలియదు. కాని సారు ఒకసారి చెప్పిన మాట ఒకటి నాలో ఉండిపోయింది. దాన్ని కూడా జోకుగా చేద్దామనే నోరు తెరిచాను.

"ఎండకాలంల మీరు దాన్ని చూసిన్రా? నల్లగ ఎండిపోయి, నలిపితే పొడి అయితదేమో అన్నట్టు ఉంటది. సచ్చింది అనుకుంటం. సావదు. ఒక చెంబు నీళ్లు వడితె సాలు, మనం చూస్తుండంగనే పచ్చగ లేస్తది. గది చూస్తే నాకు..." అన్నాను. అప్పుడు నా కళ్ల ముందుకు నాచు రాలేదు, చిన్నాయన వచ్చాడు. "నాకు మా చిన్నాయన యాదికొస్తడు. షిఫ్టు దిగి వస్తే గట్లనే ఉండేటోడు. నల్లగ. ఎండిపోయి. మనిషా, బొగ్గా తెల్వకపోయేది. మాట్లాడకపోయేటోడు. చిన్నమ్మ బయట రాయి మీద కూసోబెట్టి ఒక్క చెంబు నీళ్లు నెత్తి మీద పోస్తే... అప్పుడు కండ్లు తెరిచి, నా దిక్కు చూసి, 'ఏంరా, తిన్నవా' అనేటోడు."

మైకు పట్టుకుని నిలబడిపోయాను. జేబురుమాలు లేదు, చేత్తో ముఖం తుడుచుకున్నాను.

పందిరి ఒక్కసారిగా పగలబడి నవ్వింది.

వాళ్ల తప్పేమీ లేదు. భోంగా ఏడ్చినట్టు ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడంటే, అంతకన్న పెద్ద మిమిక్రీ ఇంకేముంటుంది? "అబ్బ, ఏం యాక్టింగ్ జేసిండురా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "మల్లొకసారి ఏడ్వురా భోంగా, వన్స్ మోర్!" నేను 'నిజం చెప్తున్న' అన్నాను. దానికి ఇంకా నవ్వారు. ఏం చెయ్యను? ఆ మైకులోంచి అన్నేళ్లు వాళ్లకు నవ్వడమే నేర్పాను, ఇంకొకటి నేర్పలేదు. సారు ఒక్కడు నవ్వు ఆపి చుట్టూ చూస్తున్నాడు. చిన్నమ్మ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

చప్పట్లు కొట్టించారు. నాకూ బాగానే పడ్డాయి, నవ్వించినందుకు. కాని చేతులెత్తి, లేచి నిలబడి కొట్టింది కోతికే. కోతి గెలిచింది. సారు నా భుజం తట్టి, "మంచిగ చెప్పినవ్ తమ్మీ" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికొచ్చాక చిన్నమ్మ పళ్లెంలో రొట్టెలు పెట్టింది. నేనే అన్నాను, "అందరు నవ్విన్రు చిన్నమ్మా."

"నేను నవ్వలే" అంది.

తెల్లారింది. ఒప్పందం ప్రకారం మూత తియ్యడానికి నేనూ, రంగు డబ్బాలూ ఇనుప బ్రష్షులూ పట్టుకుని మండల్ పోరలూ, ముందు బావా, అందరం నాలా దగ్గరికి బయలుదేరాం. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ముందు నడుస్తున్న బావ ఠక్కున ఆగిపోయాడు. గోడ మీద, సరిగ్గా నాచుకు పైన ఉన్న రాయికి, తడి ఆరని ఎర్రటి సింధూరం. రాయి కింద ఒక చిన్న దీపం. పక్కనే మెట్టు మీద, అప్పుడే పూజ ముగించినదానిలా చేతులు జోడించి మా చిన్నమ్మ.

మా దిక్కున రాయికి సింధూరం పడిందంటే అది రాయి కాదు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగరు. దాన్ని గీకే మగాడు ఇంకా పుట్టలేదు. పోరలు ఒకరి వెనక ఒకరు చెప్పులు విడిచారు. బి.కాం. బావ సింధూరాన్నీ, పోరల కాళ్లనూ చూశాడు. ఆ తర్వాత అతనూ విడిచాడు.

"అత్తా, గిది ఎవలు వెట్టిన్రు?" అన్నాడు.

"ఎవలు వెట్టుడేందిరా? వెలిసింది."

"మరి నీ చెయ్యి గంత ఎర్రగున్నదేంది?"

"కారం దంచిన" అంది చిన్నమ్మ, వంకర చెయ్యి కొంగులో దాచుకుంటూ. "గోడను ముట్టకుండ్రి. మెట్లు మాత్రం మంచిగ గీకుండ్రి, జిగట ఒక్క సుక్క ఉండద్దు. మల్ల ఎవలన్న జారిన్రంటే మిమ్ములను జారుస్త!"

మెట్లు గీకారు. గోడ మిగిలింది. అదే రోజు సాయంత్రం నిమజ్జనం బండి మీద బావ కోతి ఊరేగింది. కొబ్బరి పీచు జూలు, పైన బంగారు రంగు. జనం ముచ్చటపడ్డారు. నాలా దగ్గరికి రాగానే వాన దంచింది. రంగంతా కారిపోయి, అచ్చం మా రేకులెక్కే కొండముచ్చులా తేలింది. చీకట్లో దాన్ని చూసి ఎవరో అలవాటు ప్రకారం రాయి విసిరారు. బావ ఆ సంగతి ఈనాటికీ ఒప్పుకోడు.

కథ అక్కడ సుఖంగా ముగిసిందనుకోకండి. వారం తిరక్కుండా సారు రొప్పుతూ మా ఇంటికి వచ్చాడు. "తమ్మీ, చంపిన్రు! సున్నంల నుంచి తీసి పసుపుల ఏసిన్రు!" నిజమే. కొత్త దేవత వెలిసిందని ఆడవాళ్లు పసుపు నీళ్లు చల్లుతున్నారు, ఊదుబత్తులు గోడ సందుల్లోనే గుచ్చుతున్నారు, ఎవరో పాలు పోశారు, చీమలు పట్టాయి. నాచు ఒక అంచున పాలిపోతూ ఉంది. అన్నిటికన్నా ఘోరం, ఒక కాంట్రాక్టరు తన మొక్కు తీరితే గోడకంతా తళతళలాడే టైల్స్ వేయిస్తానని మాటిచ్చాడట. (ఆ రోజుల్లో టైల్స్ వెయ్యని దేవుడు వెనకబడిన దేవుడు.)

"మైకుల చెప్పు తమ్మీ, నీ మైకుల!" అన్నాడు సారు. నేను తలూపలేదు. మైకులో నేను చెబితే ఏమవుతుందో అంతకు కొన్నాళ్ల ముందే చూశాను. పసుపు వద్దన్నానంటే అది కూడా జోకే అనుకుని ఇంకో డబ్బా తెచ్చి పోస్తారు.

చిన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. "ఏడున్నది నీ గిన్నె? పా" అంది. మంగళవారం, ఆడవాళ్లంతా నాలా దగ్గర పోగైన వేళ, నేను మైకు కట్టి ఇచ్చాను. జీవితంలో ఆమె మైకు పట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. 'హల్లో' కూడా అనలేదు.

"గీ తల్లి నీళ్ల తల్లి. పసుపు వద్దు, పాలు వద్దు, పొగ వద్దు. టైల్స్ ఏస్తే కండ్లు పోతయి. ఎండకాలంల ఎండుతది, అప్పుడు చెంబెడు నీళ్లు పొయ్యుండ్రి. గంతే."

ఒక్కరు నవ్వలేదు. ఊదుబత్తులు పీకేశారు. ఒకావిడ మాత్రం, "మరి తల్లి పేరేంది?" అని అడిగింది. చిన్నమ్మ, "పేరు వెట్టకుండ్రి. పేరు వెడ్తే పంచాయితీలు వస్తయి" అంది. సారు పక్కన నిలబడి, తాను నోట్లో తిప్పుకునే ఆ పొడుగాటి శాస్త్రం పేరును మింగేశాడు.

ఇంటికి వచ్చేటప్పుడు అడిగాను. "చిన్నమ్మా, నువ్వు నాచును కాపాడింది అది చిన్నాయన తీరుగ ఉన్నదనేనా?" అప్పటికి నాకు నా ఉపన్యాసం మీద మళ్లీ కాస్త గర్వం పుట్టుకొస్తోంది. బావ కోతిలో మనిషిని చూపించాడు, మంచి తండ్రిని; నేను నాచులో మనిషిని చూపించాను. ఇద్దరిదీ ఒకటే కిటుకు. కాకపోతే నాది ఒక్కరి మీద పనిచేసింది అనుకున్నాను.

చిన్నమ్మ నడుస్తూనే అంది. "మీ చిన్నాయన తీరుగ ఏం లేదురా. ఆయన ఆయననే. అది అదే. గా రాత్రి నువ్వు గంత మందిల ఏడ్చినవ్, గందుకని పొద్దుగాల పోయి చూసిన. ఎన్నేండ్ల సంది గీకుతున్రు, అయినా ఉన్నది. ఉండనీ." అంతే. నా ఉపన్యాసం అంతకన్నా చిన్నదిగా ఉండాల్సిందని అప్పుడు తెలిసింది.

తర్వాత గనిలో బొగ్గు అయిపోయింది. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. జనం బామ్ని వైపు కొందరు, విసాపూర్ వైపు కొందరు సర్దుకున్నారు. చిన్నమ్మ పోయింది. ఆమె ఉన్నన్నాళ్లూ వంకర రొట్టెలే తిన్నాను, ఇప్పుడు గుండ్రటి రొట్టె చూస్తే పరాయిదిలా ఉంటుంది. సారు రిటైరై రాజురాలో ఉంటున్నాడు, ఫోను చేస్తే ముందు నాచు బాగోగులే అడుగుతాడు, తర్వాతే నావి. ఆ దూరదేశపు చిన్న కోతులు కూడా కాస్త పెరిగాయని ఆయనే చెప్పాడు. విని సంతోషపడ్డాను. వాటితో నాకు ఎప్పుడూ పేచీ లేదు, బావతోనే.

నేను ఇంకా మైకు పట్టుకునే బతుకుతున్నాను. ఇప్పటికీ నోరు తెరవకముందే జనం నవ్వుతారు. ఎండాకాలం ముదిరాక ఒకసారి వీలు చూసుకుని ఆ పాత నాలాకు పోతాను. మొన్న కూడా పోయాను. సింధూరం వెలిసిపోయి రాయి మళ్లీ రాయిలానే ఉంది, ఊట సన్నబడింది. నాచు మాత్రం ఉంది, నల్లగా, ముడుచుకుని. చేటంత ఉన్నది పెరిగిందో తగ్గిందో చెప్పడం నాకు చేతకాదు. కింద మడుగులో చెంబు నింపుకుని, మోకాళ్లు తిట్టే తిట్లన్నీ వింటూ మెట్లెక్కుతున్నాను. మెట్లు గీకే పోరలెవరూ ఇప్పుడు లేరు కదా, జిగట పాకుడు దాని హక్కుతో అది పరుచుకుని ఉంది. సరిగ్గా చిన్నమ్మ జారిన మెట్టు మీదే కాలు జర్రున పోయింది. కూలబడ్డాను. ఎముకలేవీ విరగలేదు, కాని చెంబులోని నీళ్లన్నీ నా నెత్తి మీదే పడ్డాయి.

చుట్టూ ఎవరూ లేరు, నవ్వడానికి నేనొక్కణ్ణే ఉన్నాను, నవ్వాను. తడిసిన ముఖం తుడుచుకుంటూ, నాచూ నేనూ, మా ఇద్దరిలో ఎక్కువ ఎండిపోయినవాడెవడో ఆ చెంబుకు తెలిసే ఉంటుంది అనుకున్నాను. "ఏంరా, తిన్నవా" అని ఎవరూ అడగలేదు. కాసేపు కూర్చుని, గోడ పట్టుకుని మెల్లగా లేచి, ఇంకో చెంబు నీళ్ల కోసం మళ్లీ కిందికి దిగాను.